ఒక మనిషికి ఒకే నడుము

చిన్నదానికి నలభై ఒకటి నిండాయి. అయినా ఇంట్లో చిన్నదే. అక్క పెట్టిన పిలుపు అది, అక్క పెట్టిన దాన్ని మార్చేవాళ్లు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. బయట మాత్రం ఆమె తక్కువదేం కాదు. పదిహేనేళ్లుగా ఒక పెద్ద ఆఫీసులో డేటాబేసులకు మోడళ్లు రాస్తోంది. అంటే లోకంలో ఉన్న మనుషుల్నీ వస్తువుల్నీ కంప్యూటర్‌కు అర్థమయ్యేలా ఎలా విడగొట్టాలి, దేన్ని దేనికి ముడివేయాలి, ఏ గడిలో ఏం రాయనివ్వాలి, ఏం రాయనివ్వకూడదు అని తేల్చడం ఆమె పని. ఆ పనిలో ఆమె నమ్మేది ఒక్కటే: ఒక నిజం ఒక్క చోటే ఉండాలి, ఒక్కసారే ఉండాలి. వంటింట్లో ఉప్పు రెండు డబ్బాల్లో కనిపించినా ఆమెకు ఒళ్లు మండుతుంది.

అక్కది టైలరింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు చెక్కమెట్లు. అక్క కొలుస్తుంది, కత్తిరిస్తుంది. బావ కుడతాడు. బావకు మాటలు చాలా పొదుపు. రోజంతా మిషను మాట్లాడుతుంది కదా, మధ్యలో నేనెందుకు అన్నట్టు ఉంటాడు. ఎవరేమడిగినా "ఊఁ" అంటాడు. ఆ ఒక్క ఊఁలో అవునూ కాదూ, తర్వాత చూద్దాం, మీ ఖర్మ, అన్నీ ఉంటాయి. ఏది ఎప్పుడో అక్కకు మాత్రమే తెలుసు.

అక్క కళ్లకు పొరలు కమ్మి రెండేళ్లయింది. నల్ల దారమేదో, ముదురు నీలం దారమేదో తేలక కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి చూసుకునేది. కొలత పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదివేది. ఆపరేషన్ చేయించుకోవే తల్లీ అని చిన్నది చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఒకటే జవాబు: "నేను మంచమెక్కితే ఈ పుస్తకాలు ఎవరు చదువుతారే?"

అదొక్కటీ నిజమే. నల్ల అట్టలేసిన పొడుగాటి పుస్తకాలు పంతొమ్మిది ఉన్నాయి. వీధిలో సగం మంది మెడలూ భుజాలూ నడుములూ వాటిలో ఉన్నాయి. అక్క రాత అక్కకే అర్థమవుతుంది. బావ ముప్పై ఏళ్లలో ఆ పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు. కత్తిరించి ఇచ్చింది కుట్టడమే ఆయన పని.

"పుస్తకాలన్నీ నేను కంప్యూటర్లో ఎక్కిస్తా. బావ చదువుకుని కత్తిరిస్తాడు. నువ్వు వెళ్లి కళ్లు చూపించుకో," అంది చిన్నది. సెలవు కూడా పెట్టేసింది.

అక్క మొత్తానికి వెళ్లింది. డాక్టరు గదిలోకి ఒక్కతే వెళ్లింది, బావను బయట బల్ల మీద కూర్చోబెట్టి. తిరిగొచ్చి, "ముందు ఒక కన్ను చేస్తాడట. రెండోదానికి తొందరేం లేదట," అంది. ఆ తర్వాత షరతు పెట్టింది. షరతు లేకుండా అక్క పక్కింటికి కూడా వెళ్లదు.

"బ్యాండు వాళ్ల ఇరవై ఆరు ప్యాంట్లు ఉన్నాయి. నేను వేలు పెట్టకుండా ఆ ఇరవై ఆరూ ఒక్క మాట రాకుండా షాపు గడప దాటాలి. దాటితే రెండో కన్నూ చేయించుకుంటా. దాటలేదా, ఇంక నన్ను ఆసుపత్రి వైపు లాగొద్దు. ఒంటికన్నుతోనే కుట్టుకు బతుకుతా."

చిన్నదానికి నవ్వొచ్చింది. ఇరవై ఆరు ప్యాంట్లు! ఆమె ఆఫీసులో లక్షల వరుసల పట్టికలు ఆడించిన మనిషి. ఇదో లెక్కా?

అక్క మొదటి కన్నుకు కట్టుతో పైగదిలో పడుకున్న రోజు ఉదయం, చిన్నది కటింగ్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. బావను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టింది.

"బావా, చూడండి. దీన్ని క్లాసు అంటారు. మీ భాషలో చెప్పాలంటే అట్ట మీద గీసుకున్న నమూనా. నమూనాని తొడుక్కోలేం. కానీ దాన్ని పెట్టి వెయ్యి ప్యాంట్లు కత్తిరించొచ్చు. నేను 'మనిషి' అని ఒక క్లాసు రాస్తాను. మీ కస్టమర్లందరూ అందులోంచే వస్తారు."

"ఊఁ."

"అట్ట తప్పయితే?"

"అన్నీ తప్పే," అన్నాడు బావ. ఆ ముక్క ఆయనకు బాగా తెలుసు.

"అందుకే అట్ట దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు చెప్పండి, ఒక మనిషికి నడుములెన్ని?"

బావను ముప్పై ఏళ్లలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. ఆయన తల వంచి తన నడుము వైపు చూసుకున్నాడు. తర్వాత అటుగా వెళుతున్న ఒకాయన నడుము వైపు చూశాడు. "ఒకటే అనుకుంటా," అన్నాడు.

"అదీ! ఒక మనిషికి ఒకే నడుము. అంకెల్లో మాత్రమే రాయాలి. ఖాళీగా వదలకూడదు. ఇరవైకి తక్కువ రాసినా అరవైకి ఎక్కువ రాసినా ఒప్పుకోదు." ఆమె టకటకా కొట్టేసింది. మనిషి ఒక క్లాసు, కొలత ఒక క్లాసు, దుస్తు ఒక క్లాసు. మనిషికీ కొలతకూ ముడి, కొలతకూ దుస్తుకూ ముడి. తెర మీద అది ముచ్చటగా ఉంది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి తన పని తానే చూసుకుని మురిసిపోయింది.

"మరి పొట్ట?" అన్నాడు బావ.

"పొట్టకి వేరే గడి ఎందుకు బావా? నడుములోనే కలిసిపోయిందిగా."

"మా బ్యాండు వాళ్లకి కలవదు మరదలా," అన్నాడు బావ. అని లేచి మిషను దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ రోజుకు ఆయన మాటల కోటా అయిపోయింది.

ఇక పుస్తకాలు. అసలు చిక్కు ఇక్కడ వచ్చింది, ఇది చిన్నది తప్ప ఇంకెవరూ పడగలిగే చిక్కు కాదు. ప్రతి మనిషి పేజీలోనూ నడుము దగ్గర రెండు అంకెలున్నాయి. ఒకటి పెన్నుతో, గుండ్రంగా, గడి మధ్యలో. రెండోది పెన్సిల్‌తో, సన్నగా, గడి మూలన. బ్యాండు మాస్టారి పేజీలో పెన్నుతో ముప్పై ఆరు, పెన్సిల్‌తో నలభై రెండు. ఒంటి చుట్టూ తిరిగి నెత్తి మీద నోరు తెరిచే పెద్ద ఇత్తడి వాయిద్యం ఊదేవాడు ఒకడున్నాడు, అతన్ని వీధంతా పెద్దబాకా అనే పిలుస్తుంది. అతని పేజీలో పెన్నుతో ముప్పై ఎనిమిది. పెన్సిల్‌తో అయితే ఏకంగా ఒక వ్యాసమే ఉంది: "44. తిన్నాక 45. ఊదితే 47."

చిన్నది ఆ వ్యాసాన్ని ఎక్కించబోయింది. తెర ఎర్రబడింది: నడుము అంకె అయి ఉండాలి. ఆమెకు కోపం రాలేదు సరికదా, తన మోడల్ చెత్తను గుమ్మం దగ్గరే ఆపేసినందుకు గర్వం వచ్చింది. ఆఫీసులో ఇలాంటివి ఎన్ని చూడలేదు! చిత్తు అంకె పెన్సిల్‌తో రాసుకుంటారు, ఖాయమయ్యాక పెన్నుతో రాస్తారు. చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. పెన్సిల్‌వన్నీ పక్కన పెట్టేసి పెన్నువి ఎక్కించింది.

పైకి వెళ్లి ఒక్కమాట అడిగితే సరిపోయేది. పద్నాలుగు మెట్లు, అంతే. కానీ అడిగితే అక్క, "ఆ మాత్రం తెలీదా? పదిహేనేళ్లు ఏం వెలగబెట్టావే?" అంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ మాట పడీ పడీ ఉన్న చెల్లెళ్లకు చిన్నది ఎందుకు అడగలేదో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

బావ మొదటి ప్యాంటు కత్తిరించేటప్పుడు మాత్రం చిన్నది కంప్యూటర్లోంచి తీసిచ్చిన కొలతల చీటీ చూసి ఆగాడు. "మాస్టారిది ముప్పై ఆరా?"

"పుస్తకంలో అదే ఉంది బావా."

బావ సుద్ద పట్టుకుని కాసేపు గాల్లో ఏదో కొలిచాడు. బ్యాండు మాస్టారు నడిచి వస్తున్నట్టు ఊహించుకుంటున్నాడేమో.

"మనుషులు తమ గురించి తాము ఏవేవో అనుకుంటారు బావా," అంది చిన్నది, ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే. "అందుకే అంకెని నమ్మాలి. నన్ను చూడండి, కాలేజీ రోజుల నుంచీ నా నడుము ముప్పై రెండే. అక్కే కొలుస్తుందిగా ఏటా. ఒక్క అంగుళం పెరగలా."

బావకు పొలమారింది. దగ్గి దగ్గి నీళ్లు తాగి వచ్చి, "ఊఁ," అని కత్తెర అందుకున్నాడు.

పదో రోజు ఉదయం బ్యాండు వాళ్లు ట్రయల్‌కి వచ్చారు. ప్రాక్టీసుకు వెళుతూ వెళుతూ వచ్చారు కాబట్టి వాయిద్యాలు చేతుల్లోనే ఉన్నాయి. ఇరవై ఆరుగురు మనుషులు, వాళ్ల బాకాలు, డ్రమ్ములు కలిసి షాపులోకి దూరేసరికి మిషన్లు కనిపించడం మానేశాయి. పైగదిలో అక్క కట్టు కన్నుతో, నల్ల కళ్లద్దాలతో మంచం మీద కూర్చుని వింటోంది. మెట్లు దిగొద్దన్నారు, వంగొద్దన్నారు, చదవొద్దన్నారు. చెవులు మూసుకొమ్మని ఎవరూ అనలేదు.

మొదట మాస్టారు పరదా వెనక్కి వెళ్లారు. ఆయన తెల్ల మీసాల పెద్దమనిషి. నలుగురిలో నవ్వడం కూడా తాళం ప్రకారం నవ్వుతారు. పరదా వెనక చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఏదో పెనుగులాట. ఒకసారి గోడ కదిలింది. పరదా తొలగింది. మాస్టారు బయటికొచ్చారు. గుండీ పెట్టుకునే ఉన్నారు. ముఖం మాత్రం ఎప్పుడూ లేనంత ఎర్రగా ఉంది.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బ్రహ్మాం..." అన్నారు మాస్టారు. "డం" అనడానికి ఊపిరి మిగల్లేదు.

"ఒకసారి కూర్చుని చూడండి."

"వద్దమ్మా. మేం నిలబడే... వాయిస్తాం."

నడుంపట్టీ లోపల బావ కుట్టిన చిన్న గుడ్డముక్క మీద అంకె ఉంటుంది. ఆయన పరదా వెనక దాన్ని చూసుకునే ఉంటారు. ముప్పై ఆరు. తన అంకే. ముప్పై ఏళ్లుగా తన అంకే. ఇక ఏమని ఫిర్యాదు చేస్తారు? షాపు తప్పంటే అంకె తప్పని ఒప్పుకోవాలి. అంకె తప్పంటే సరైన అంకె ఏదో చెప్పాలి. అంతకంటే ఊపిరి బిగబట్టడమే నయం అనుకున్నారు.

మాస్టారే నోరెత్తకపోతే మిగతావాళ్లు ఎందుకెత్తుతారు? ఒక్కొక్కరూ పరదా వెనక్కి మామూలు మనిషిలా వెళ్లడం, బయటికి విగ్రహంలా రావడం. "బాగుందమ్మా." "దివ్యంగా ఉంది." "అచ్చు నా కొలతే." పెద్దబాకా అయితే ఏమీ అనలేదు. చేత్తో బాగుంది అని సైగ చేసి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. చిన్నది ఒక్కో పేరు ఎదురుగా టిక్కు కొట్టుకుంటూ పోయింది. ఇరవై ఆరుకి ఇరవై ఆరు. ఒక్క మాట రాలేదు! అక్క రెండో కన్ను కూడా ఆపరేషన్ అయిపోయినట్టే ఆమె లెక్కలో.

ఆ సంతోషంలో అనవసరంగా నోరు జారింది. "ఇక్కడే ఒక ముక్క వాయించండి మాస్టారూ. పైన మా అక్క వింటుంది."

కాదనే దారి లేదు. మాస్టారు కర్ర ఎత్తారు. డ్రమ్ము బాగానే మోగింది, దానికి నడుముతో పనిలేదు కదా. తర్వాత బాకాలు అందుకోవాలి. అందుకున్నాయి. అదేం శబ్దమో చెప్పడం కష్టం. మూత సరిగ్గా పడని కుక్కరు ఉంటుంది చూడండి, అలాంటివి పదిహేను. పెద్దబాకా కళ్లు మూసుకుని, దేవుడా అనుకుని ఊదాడు. అంత పెద్ద ఇత్తడి నోట్లోంచి సన్నగా, పొడుగ్గా ఒక "కీ..." వచ్చింది.

పైనుంచి అక్క గొంతు పడింది.

"ఏమే! పెద్దబాకా ఎందుకట్లా పిల్లికూనలా అరుస్తోంది?"

"అంతా బాగుందక్కా! అందరికీ సరిపోయాయి!"

"ఒకసారి పైకి రా."

అక్క గొంతు మెత్తగా ఉంది. అక్క అరిస్తే భయం లేదు, మెత్తగా పిలిస్తేనే భయం.

అక్క మంచం అంచున కూర్చుని ఉంది. "తలుపు దగ్గరికి వెయ్," అంది. వేసింది. "ఏ కొలతకి కత్తిరించారు?"

"పుస్తకంలో ఉన్నదే."

"పెన్నుతో రాసిందా, పెన్సిల్‌తో రాసిందా?"

"పెన్నుతో... పెన్సిల్‌వి చిత్తు కదా?"

అక్క ముఖం ఆమె వైపు తిప్పింది. నల్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు. "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది. "పెన్నుది మనుషులకే. పెన్సిల్‌ది గుడ్డకి."

"అంటే?"

"అంటే ఏముంది! టేపు పెడతా. మనిషి ఎదురుగా ఉంటాడు, నా చేతివైపే చూస్తుంటాడు. అప్పుడు పెన్నుతో రాస్తా. ఆయన అటు గడప దాటాక పెన్సిల్ తీస్తా. ఈ మాస్టారు మొదటిసారి వచ్చినప్పుడు ముప్పై ఆరు, పెళ్లికొడుకులా ఉండేవాడు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి నలభై రెండని ఎట్లా రాయనే? ఇంటికెళ్లి అద్దం ముందు ఎంతసేపు నిలబడతాడో నీకేమన్నా తెలుసా?"

చిన్నది నోరు వెళ్లబెట్టింది. పదిహేనేళ్లుగా నమ్మిన మాట ఆమె కళ్ల ముందే రెండు ముక్కలైంది. "కానీ అది అబద్ధం కదక్కా! ఒక మనిషికి రెండు నడుములు ఎట్లా ఉంటాయి?"

"ఏది అబద్ధం? ముప్పై ఏళ్లలో ఆయన ప్యాంటు ఒక్కసారన్నా బిగుతయిందా? నీ నిజంతో ఇవాళ ఇరవై ఆరుగురూ ఊపిరాడక ఛస్తున్నారు కింద." అక్క లేచింది. "సరేలే. షరతు తప్పింది. ఇంక రెండో కన్ను మాట ఎత్తకు. రేపట్నుంచి నేనే కింద కూర్చుంటా."

"అక్కా, ఎవరూ ఒక్క మాట కూడా అనలేదే! ఒక్కరంటే ఒక్కరు!"

"అనడానికి ఊపిరుంటేగా!"

"రెండ్రోజులు టైమివ్వు. రెండే. ఎల్లుండి ఆ బాకా మోగకపోతే నీ ఇష్టం. నీ కాళ్లు పట్టుకుంటా."

పట్టుకుంది కూడా. అక్క కాలు లాక్కుని, గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్ల దాకా వచ్చింది. కిందికి దిగలేదు. అక్కడే నిలబడి, షాపంతా వినపడేలా అంది:

"మాస్టారూ, క్షమించాలండీ! కొత్త గుడ్డ, తడి తగిలి ముడుచుకుపోయింది. మా చిన్నది చూసుకోలేదు. మీ కొలతల్లో ఏ తేడా లేదు! రెండ్రోజుల్లో సాగదీసి ఇస్తాం!"

షాపులో ఇరవై ఆరుగురు ఒక్కసారి గాలి వదిలారు. ఎక్కడో ఒక గుండీ తెగి నేల మీద దొర్లింది. "అదే అనుకున్నా," అన్నారు మాస్టారు, ఠీవిగా. "గుడ్డ అనే అనుకున్నా." పరదా ముందు తోసుకోవడం మొదలైంది, ఎవరు ముందు విప్పుకోవాలా అని.

వాళ్లు వెళ్లాక చిన్నది నల్లప్యాంట్ల కుప్ప ముందు కూలబడింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, ఆఫీసులో పెద్ద మేడమ్ అన్న సంగతి మర్చిపోయి, ముక్కు చీదుకుంటూ. "కొంప ముంచేశాను బావా. ఇరవై ఆరూ చిన్నవే. గుడ్డ లేదు, టైము లేదు. నా మూలంగా అక్క కన్ను పోతుంది."

బావ ఒక ప్యాంటు తీసి వెనక కుట్టు తిరగేసి ఆమె ముందు పెట్టాడు. లోపల గుడ్డ మడత పెట్టి ఉంది. ఒక వేలు, రెండు వేళ్లు కాదు. నాలుగు వేళ్ల వెడల్పు, రెండు వైపులా. పక్క కుట్లలోనూ అంతే.

"ఇదేంటి?"

"మీ అక్క కత్తిరిస్తే రెండు వేళ్లు వదుల్తుంది," అన్నాడు బావ. "నువ్వు చెప్పావని నాలుగు వదిలా."

చిన్నది ముక్కు తుడుచుకుని ఆయన వైపు చూసింది. ఆ మనిషి రోజుల తరబడి తన అంకెల్ని వింటూ, ఊఁ కొడుతూ, వాటిలో ఒక్కదాన్నీ నమ్మలేదన్నమాట! కోపం రావాల్సిన చోట ఆమెకు ఆయన చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది. "ముందే చెప్పొచ్చుగా బావా!"

"అడగలేదుగా."

బావ కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. చిన్నది కటింగ్ బల్ల దగ్గర కూర్చుని తన మోడల్‌ను విప్పడం మొదలుపెట్టింది. 'నడుము' అనే ఒక్క గడి తీసేసింది. దాని చోట రెండు పెట్టింది: 'చెప్పేది', 'అసలుది'. 'అసలుది' కింద మరో చిన్న క్లాసు పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే పెద్దబాకాకు ఖాళీ కడుపుకో నడుము, నిండు కడుపుకో నడుము, ఊదేటప్పుడు ఇంకో నడుము. కత్తిరించే చీటీలో అసలుది మాత్రమే అచ్చవ్వాలి. నడుంపట్టీ లోపలి గుడ్డముక్క మీద చెప్పేది మాత్రమే రావాలి. ఆ రెండూ ఎప్పుడూ ఒక తెర మీద పక్కపక్కన కనిపించకూడదని ఒక నియమం రాసింది. పదిహేనేళ్లలో ఇంత అడ్డగోలు మోడల్ ఆమె రాయలేదు. ఇంత సరైనది కూడా రాయలేదేమో.

తర్వాత పంతొమ్మిది పుస్తకాలూ మళ్లీ మొదటి నుంచి తీసి, పెన్సిల్ అంకెల్ని భూతద్దంతో చూస్తూ ఎక్కించింది. మర్నాడు మధ్యాహ్నానికి పదకొండో పుస్తకం చివరికి వచ్చింది. ఒక పేజీ పైన "మా చిన్నది" అని ఉంది.

నడుము దగ్గర పెన్నుతో ముప్పై రెండు. ఎన్నేళ్ల కిందటి సిరానో, రంగు వెలిసింది. మూలన పెన్సిల్‌తో ముప్పై ఏడు. ఆ మూల కాగితం మిగతా పేజీలా లేదు. ఏటా రబ్బరుతో చెరిపి, కొత్త అంకె వేసి, మళ్లీ చెరిపి, అక్కడ కాగితం పల్చబడిపోయింది. వెలుతురుకెత్తితే అవతలి కిటికీ కనిపిస్తోంది. దాని పక్కన ఇంకా సన్నగా ఒక్క మాట: "బాధపడుతుంది."

చిన్నది బావ వైపు చూసింది. బావ మిషను మీదికి అవసరానికి మించి వంగి కుడుతున్నాడు. ఆ రోజు ఆయనకు ఎందుకు పొలమారిందో అప్పుడు అర్థమైంది ఆమెకు. తన నిజాయితీ గురించి ఇన్నేళ్లూ కోసిన కోతలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎవరూ చూడకుండా నడుంపట్టీ వెనక్కి తిప్పి చూసుకుంది. ముప్పై రెండు అనే ఉంది, అక్క చేతి కుట్టు. లోపల వేలు పెడితే వదులుగా, హాయిగా ఉంది. రెండు గడులూ నింపి, పేజీ తిప్పింది.

చెప్పిన రోజున బ్యాండు వాళ్లు వచ్చారు. మాస్టారు పరదా వెనక నుంచి వచ్చేటప్పుడే పాట అందుకున్నారు. "చూశావా అమ్మాయ్? గుడ్డ సాగితే ఎంత తేడా! ముప్పై ఆరంటే ముప్పై ఆరే." పెద్దబాకా కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే బాకా ఎత్తి ఊదాడు. అలమరలో గుండీల డబ్బాలన్నీ గలగలలాడాయి. పైన మంచం కూడా అదిరే ఉంటుంది, అక్క కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది. అది చాలు. ఇరవై ఆరు ప్యాంట్లూ గడప దాటాయి.

చిన్నది మెట్లు రెండేసి ఎక్కి పైకి పరుగెత్తింది. వెనకే బావ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మెడలో టేపుతో.

"విన్నావుగా! మోగింది! ఇంక రెండో కన్ను."

అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "చేయించుకుంటాలేవే. ఎక్కడికి పోతుంది? రెండోదానికి తొందరేం లేదన్నాడుగా డాక్టరు. స్కూళ్లు తెరిచే ముందు యూనిఫారాల పని ఉంటుంది, అది అవనీ. వచ్చే ఏడాది తీరిగ్గా చూద్దాం."

"సరే," అనబోయింది చిన్నది. పది రోజుల కిందటైతే అనేసేది. డాక్టరు అన్నాడు, అక్క చెప్పింది, ఒక నిజం ఒక్క చోట ఉంది, అయిపోయింది. కానీ వేలికొసల్లో ఆ పల్చటి కాగితం ఇంకా తగులుతున్నట్టే ఉంది. అక్క ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

"అక్కా. ఈ మాట పెన్నుదా, పెన్సిల్‌దా?"

గుమ్మంలో బావ టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడిపోయాడు.

"పెన్నుది," అంది అక్క.

"పెన్సిల్‌తో ఏం రాసుకున్నావ్?"

"...ఆ రెండోదీ ముదిరిందట. ఈ నెల దాటనివ్వొద్దన్నాడు. దాటితే మాట ఇవ్వలేనన్నాడు." అక్క నల్లద్దాలు సర్దుకుంది. "మీ బావ భయపడతాడని చెప్పలా. ఇంట్లో ఎవరో ఒకరు నిద్రపోవాలిగా."

బావ ఊఁ అనలేదు. టేపు మెడలోంచి తీసి మేకుకు తగిలించి, మెట్లు దిగి వెళ్లాడు. షాపు తలుపు మూసిన చప్పుడు కిందినుంచి వినిపించింది. మిట్టమధ్యాహ్నం ఆ తలుపు మూయడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

చిన్నది అప్పటికే ఫోన్‌లో ఆసుపత్రి నంబరు కలిపింది. ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో అక్క మణికట్టు, పారిపోతుందేమో అన్నట్టు. అవతల అమ్మాయి ఫైలు తీసి వివరాలు సరిచూసుకుంటోంది.

"రేపే తీసుకురండి. వయసు యాభై రెండు, అంతే కదండీ?"

చిన్నది అక్క వైపు చూసింది. అక్క ముఖం ఇంకాస్త కిటికీ వైపు తిప్పుకుంది. అక్కాచెల్లెళ్లకు పదిహేడేళ్ల తేడా అని ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు.

"ఆవిడ ఎదురుగా అదే అనండి," అంది చిన్నది ఫోన్‌లో. "డాక్టరుగారికి మాత్రం యాభై ఎనిమిదని రాసివ్వండి."

అక్క విననట్టే కూర్చుంది. చెయ్యి మాత్రం లాక్కోలేదు.